రాజును అర్జునుణ్ణి చేసిన కవి



కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలో కురిక్యాల అనే ఊరున్నది. ఆ ఊరి దగ్గరి గుట్టను చుట్టుపక్కల పల్లెల వారు బొమ్మలమ్మ గుట్ట అంటారు. గుట్ట రాతి మీద జైన తీర్థంకరుల మూర్తులు, వారితో పాటు చక్రేశ్వరి అనే దేవత మూర్తి చెక్కి ఉన్నాయి. ఆ బొమ్మల వల్లే గుట్టకు ఆ పేరు వచ్చింది. బొమ్మల దగ్గరే పాత అక్షరాల్లో ఒక శాసనం ఉన్నది. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషలూ ఒకే రాతి మీద కనిపించే ఆ శాసనం క్రీస్తు శకం 945 ప్రాంతానిదని పండితులు చెప్పారు. అందులోని తెలుగు భాగం మూడు కంద పద్యాలు. నన్నయ గారు రాజమహేంద్రవరంలో భారతం మొదలుపెట్టడానికి దాదాపు వంద సంవత్సరాల ముందటి మాట ఇది. 2008లో తెలుగుకూ కన్నడానికీ ప్రాచీన భాష హోదా వచ్చిన రోజుల్లో మన పత్రికలు ఈ రాతిని చాలా తలచుకున్నాయి.

ఈ వారం నేను చెప్పదలచుకున్నది ఆ రాతిని చెక్కించిన వాని అన్న గురించి. ఆయన పేరు పంపడు. కన్నడ దేశంలో బడి పిల్లవాణ్ణి అడిగినా ఆదికవి పంపడని చెబుతాడు. అక్కడి ప్రభుత్వం 1987 నుండి ఆయన పేరిట పెద్ద సాహిత్య పురస్కారం ఇస్తున్నది. ఆయన కావ్యం రాసింది మాత్రం మన వేములవాడలో. రాజన్న గుడికి కోడెను కట్టడానికి వెళ్ళే జనంలో ఈ సంగతి తెలిసినవారు నూటికి ఒక్కరుంటారో లేదో.

వేములవాడ ఆనాడు రాజధాని. అక్కడ చాళుక్య వంశపు శాఖ ఒకటి రాజ్యం చేసేది. పేరుకు రాజులే గాని వారు స్వతంత్రులు కారు, రాష్ట్రకూట చక్రవర్తుల కింద సామంతులు. వారి పూర్వీకుడైన యుద్ధమల్లుడు బోధనులో నూనె నింపిన తటాకాల్లో అయిదు వందల ఏనుగులకు స్నానం చేయించేవాడట. బద్దెగుడు నలభై రెండు యుద్ధాలు చేసి ఒక్కదానిలోనూ ఓడలేదట. వేంగి రాజు భీముణ్ణి ఆయన నీటిలో మొసలిని పట్టినట్టు పట్టుకున్నాడట. ఈ అటలన్నీ మనకు చేరింది ఎక్కువగా ఆస్థాన కవుల కావ్యాల నుండీ తామ్ర శాసనాల నుండీ. రాజు అన్నం తిని రాసిన మాటల్లో ఎన్ని ఏనుగులు నిజమైనవో, ఎన్ని కవి కన్నవో లెక్క తీయడం చరిత్రకారుల పని. కథ చెప్పేవాని చేతిలో ఎంత బలముంటుందో చూపడానికే నేను వాటిని ప్రస్తావించాను. వెయ్యేళ్ళు గడిచినా ఆ ఏనుగులు ఇంకా ఆ నూనెలో మునుగుతూనే ఉన్నాయి.

పంపడు 902లో పుట్టాడు. ఆయన పూర్వీకులది వేంగి దేశం, అంటే నేటి గుంటూరు వైపు. వంగిపర్రు వారి ఊరు, శ్రీవత్స గోత్రపు బ్రాహ్మణ వంశం. ముత్తాతల కాలంలో మాధవ సోమయాజి అనే ఆయన యజ్ఞాలు చేసి పేరు తెచ్చుకున్నాడు. పంపని తండ్రి భీమపయ్య జైన మతం స్వీకరించాడు. కులంలో ఉత్తమమైన కులానికి మతంలో ఉత్తమమైన మతమే తగునని తండ్రి భావించినట్టు పంపడు చెప్పుకున్నాడు. సోమయాజి గారిని తలచుకున్నప్పుడు మాత్రం గౌరవంతో పాటు ఒక నొప్పి కూడా బయటపెట్టాడు. ఆ యజ్ఞాల పొగ తాత గారి కీర్తికి మసి పూసిందని ఆయన బాధ. ఇంట్లో మతం మారినప్పుడు పెద్దల గురించి మాట్లాడడం ఎంత సున్నితమైన పనో మన కుటుంబాల్లో చాలామందికి అనుభవమే. తాతను తిట్టకుండా, తాత దారిని ఒప్పుకోకుండా మాట చెప్పాలి. పంపడు ఆ ఇరుకులో నుండే మాట్లాడాడు. ఆ మాట కొంచెం కరుకుగానే పడిందని నాకనిపిస్తుంది.

తల్లి అబ్బణబ్బె. ఆమెది ధారవాడ వైపు అణ్ణిగేరి, జోయిస సింగుడనే ఆయన మనుమరాలు. తండ్రి ఆంధ్ర దేశం వాడు, తల్లి కన్నడ సీమ ఆడపడుచు, కొలువు సబ్బినాడులో. నేటి కరీంనగర్ ప్రాంతాన్ని ఆ రోజుల్లో సబ్బినాడు అనేవారు. పంపడు మనవాడా వారివాడా అని ఇవాళ మనం పడే తగువు ఆనాటి వారికి అర్థమై ఉండేది కాదు.

పంపని రాజు రెండవ అరికేసరి. సామంతుడే అయినా గట్టివాడు. రాష్ట్రకూట చక్రవర్తి నాలుగవ గోవిందుని ఆగ్రహానికి గురైన బిజ్జుడనే రాజు పారిపోయి శరణు వేడితే అరికేసరి ఆశ్రయమిచ్చాడు. అప్పగించమని ఒత్తిడి వచ్చినా వదలలేదు. పైగా చక్రవర్తి సేనలను ఎదిరించి, 935 ప్రాంతంలో ఆ గోవిందుణ్ణే గద్దె దింపడంలో ముఖ్యుడై, బద్దెగ అమోఘవర్షుణ్ణి సింహాసనం ఎక్కించాడు. శరణన్న వాని కోసం పై అధికారిని ఎదిరించిన సామంతుడు ఏ కాలంలోనైనా అరుదే. ఇటువంటి రాజును పొగడవలసి వస్తే కవికి మనస్సాక్షి అంతగా గుచ్చదు.

941లో పంపడు ఆదిపురాణం పూర్తి చేశాడు. అప్పటికి ఆయన వయస్సు 39. ఆ కావ్యానికి మూడు నెలలు పట్టింది. తరువాత ఆరు నెలల్లో విక్రమార్జున విజయం రాశాడు. మొదటిది పదహారు ఆశ్వాసాలు, రెండవది పద్నాలుగు. మొదటి దానిలో జినధర్మాన్నీ, రెండవ దానిలో లోకధర్మాన్నీ వెలిగించానని ఆయనే చెప్పుకున్నాడు. ఒకటి తన దేవుని కోసం, రెండవది తన రాజు కోసం. మనలో చాలామందిమి ఇలాగే రెండు పుస్తకాలు రాసుకుంటూ బతుకుతాం. ఆయన కనీసం వాటిని వేరువేరు అట్టల్లో ఉంచాడు.

విక్రమార్జున విజయమంటే భారత కథే. పండితులు వచ్చి, కథ నిడివి ఎంత పెద్దదైనా దాని ఒడలు చెడకుండా మొత్తం చెప్పగలవాడవు నీవేనని బతిమాలారట. ఆయన ఒప్పుకున్నాడు. వ్యాసుని సముద్రాన్ని ఈదబోతున్నానే గాని నేనే వ్యాసుణ్ణనే గర్వం నాకు లేదని వినయంగా చెప్పుకున్నాడు. ఇంతవరకూ బాగానే ఉన్నది. అయితే ఈ భారతంలో అర్జునుడంటే అరికేసరి. పోలిక చెప్పి ఊరుకోలేదు, ఇద్దరినీ ఒక్కరినే చేశాడు. అరికేసరి బిరుదులన్నీ అర్జునుని పేర్లయ్యాయి. ఆ బిరుదుల్లో సామంత చూడామణి ఒకటి. సామంతుల్లో శిరోరత్నమని దాని అర్థం. ఇంద్రుని కొడుకును, గాండీవం పట్టినవాణ్ణి సామంతుడని పిలవడం ఎంత విడ్డూరమో చూడండి! రాజును అర్జునుని ఎత్తుకు లేపబోయి కవి అర్జునుణ్ణి రాజు ఎత్తుకు దించాడు. పొగడ్తలో ఉన్న చిక్కే ఇది.

అసలు ఇబ్బంది ద్రౌపది దగ్గర వచ్చింది. ఆమెకు భర్తలు అయిదుగురు. మా రాజు భార్యను నలుగురితో పంచుకున్నాడని ఆ రాజు సభలోనే ఏ కవి చదువుతాడు? అందువల్ల పంపడు ద్రౌపదిని అర్జునుని ఒక్కనికే భార్యను చేశాడు. వ్యాసుడు వేసిన పెద్ద ముడి ఒక్క దెబ్బతో తెగిపోయింది. తెగినట్టు కనిపించింది గాని నిజంగా తెగలేదు. నిండు కొలువులో ఆమెకు అవమానం జరిగినప్పుడు ప్రతిజ్ఞ పట్టేది భీముడే. శత్రువు నెత్తుటితో ఆమె జుట్టు ముడిచి పగ తీర్చుకునేదీ భీముడే. ఆ ఘట్టం పంపని చేతిలో బ్రహ్మాండంగా వచ్చింది, పాత కథలో ఉన్న వేడి అంతా అందులో ఉన్నది. కాని ఈ పుస్తకంలో ఆమె భీమునికి ఏమవుతుంది? తమ్ముని భార్య. ఆ మాట గుర్తుకు రాగానే సన్నివేశం తడబడుతుంది. కన్నడ విమర్శకులు ఈ అతుకును ఎప్పుడో పట్టుకున్నారు. నాకైతే ఇది కవి అజాగ్రత్త అనిపించదు. కథకు తనదంటూ ఒక ఎముక ఉంటుంది. ఒకచోట వంచితే అది ఇంకొకచోట పొడుచుకు వస్తుంది.

కావ్యం చివర హస్తినాపురంలో పట్టాభిషేకం ధర్మరాజుకు కాదు, అర్జునునికి. పక్కన రాణిగా కూర్చున్నది ద్రౌపది కాదు, సుభద్ర. పదమూడేళ్ళు అడవుల్లో, అజ్ఞాతవాసంలో, సభలో అవమానపడి కష్టమంతా మోసిన ఆడమనిషికి ఆ సింహాసనం మీద చోటు లేకపోయింది. సభలో అవమానం పాలైన స్త్రీని తన రాజు పక్కన కూర్చోబెట్టడానికి కవికి చేయి రాలేదేమోనని కొందరు ఊహించారు. కారణం ఏదైనా కథ వల్ల నష్టపోయింది ఎవరో చూడండి. రాజుకు మర్యాద దక్కింది. కవికి ధర్మవురం అనే అగ్రహారం దక్కింది. ఆమె చోటు ఆమెకు పోయింది.

ఇది వెయ్యేళ్ళ నాటి సంగతి గదా, మనకెందుకని అనుకోవద్దు. మన ఊళ్ళ సంగతే తీసుకోండి. మన తెలంగాణలో ప్రతి కులానికీ దాని పురాణం చెప్పే ఆశ్రిత కులమొకటి ఉన్నది. పద్మశాలీలకు కూనపులి వారు మార్కండేయ పురాణం చెబుతారు. మాదిగలకు జాంబ పురాణం చెప్పేవారున్నారు. ముదిరాజులకు కాకి పడగల వారు చేర్యాల నకాషీ కళాకారులు గీసిన పటం కట్టి పాండవుల కథే చెబుతారు. ఆ కథలో పాండవులకూ కథ చెప్పించుకునే కులానికీ చుట్టరికం కలుస్తుంది. ఆదిలాబాదు అడవుల్లో ప్రధానులు కిక్రి వాయిస్తూ గోండుల ఇంటి దేవతల, వంశాల కథలు పాడుతారు. 1940ల్లో అక్కడ తిరిగిన హైమన్‌డార్ఫ్ గారు ఆ కథలను రాసి పెట్టుకుని 1948లో పెద్ద గ్రంథం వేశారు. దాత ఇంటి ముందు నిలబడి దాత వంశం కథ చెప్పడం ప్రధానుల బతుకుతెరువు, పంపడు చేసిందీ అదే. తేడా ఒకటున్నది. సబ్బండ కులాల్లో పెద్ద కథలో చోటు దొరకని వారికి ఆ పటం కథ తలెత్తుకునే ధైర్యం ఇచ్చింది. వేములవాడ రాజుకు తలెత్తుకోవడానికి వేరే కథ అక్కరలేదు. లేనివానిని కథలోకి తేవడం ఒకటి, ఉన్నవానికి ఇంకొక పీట వేయడం మరొకటి. రెంటినీ ఒకే తక్కెడలో తూచలేము.

మన విచారణల్లో వేసే జూబిలీ సంచికలు కూడా ఇటువంటివే. గుడి కట్టించిన దాత ఫోటో నిండు పేజీలో వస్తుంది. గుడి లేని రోజుల్లో చెట్టు కింద జపాలు నేర్పిస్తూ, కాలినడకన ఊరూరా తిరిగి చనిపోయిన ఉపదేశి పేరు ఒక్కోసారి లోపలి పేజీలో కూడా కనిపించదు. ఎవరూ అబద్ధం రాయలేదు. రాజు పక్క పీట ఒక్కటే ఉన్నది, అందులో ఎవరిని కూర్చోబెట్టాలో నిర్ణయించారు, అంతే. మత్తయి గారు తన సువిశేషాన్ని రాజుల వంశావళితో మొదలుపెట్టి, దావీదు పేరు పక్కనే ఊరియా భార్య మాట దాచకుండా రాశారు. మన సంచికల సంపాదక వర్గం ఆ పేజీ చూసి ఉంటే ఆ ఒక్క పేరునూ తప్పకుండా కొట్టివేసేవారేమో.

ఆ దావీదు ముందుకే నాతాను ప్రవక్త కూడా ఒక కథ పట్టుకొని వెళ్ళాడు. బీదవాని ఒక్క గొర్రెపిల్లనూ ధనవంతుడు లాక్కున్న కథ. రాజు కోపంతో ఊగిపోయి ఆ ధనవంతునికి శిక్ష పలికిన తరువాతగాని ఆ మనిషి తానేనని అతనికి తెలియలేదు. నాతాను చేసిందీ పంపడు చేసిందీ చిత్రంగా ఒక్కటే, వింటున్న రాజును కథలోని మనిషిని చేయడం. ఒకరు అర్జునుణ్ణి చేశారు, ఇంకొకరు గొర్రెపిల్లను దొంగిలించిన వాణ్ణి చేశారు. అగ్రహారం దొరికేది ఎవరికో చెప్పనక్కరలేదు.

సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో ప్లేటో గారు కవులను నగరం నుండి పంపివేయమన్న పాఠం వచ్చినప్పుడు మా తరగతిలో సగం మంది ఆయన పక్షం, సగం మంది కవుల పక్షం. పంపణ్ణి చదువుకున్న తరువాత నాకు ప్లేటో భయం అర్థమైంది. అయినా నా ఓటు మారలేదు. ఎందుకంటే పంపని కథ ద్రౌపదితో ముగిసిపోలేదు.

రాజును నాయకుణ్ణి చేసి రాసిన ఆ పుస్తకంలో చదివినవారి మనస్సు దోచుకున్నది నాయకుడు కాదు, కర్ణుడు. అర్జునుని చేతిలో చచ్చినవాడు. పుట్టిన రోజే తల్లి గంగలో వదిలిన బిడ్డ, సూతుని ఇంట్లో పెరిగి అడుగడుగునా కులం మాట పడినవాడు. అటువంటి కర్ణుని నోట పంపడు కులం గురించి పలికించిన మాటలు కన్నడ దేశంలో ఈనాటికీ సభల్లో వినిపిస్తాయి. పుట్టుక కాదు, మనిషి పట్టుదలా గుణమూ అభిమానమూ పరాక్రమమే కులమని వాటి సారాంశం. మనుష్యజాతి అంతా ఒక్కటేనన్న భావం ఆయన ఆదిపురాణంలో కూడా ఉన్నది. కర్ణుడు కూలినప్పుడు పంపడు కథను ఆపి, వినేవారి వైపు తిరిగి, భారతంలో ఎవరినైనా తలచుకోదలిస్తే ఇంకెవరినీ కాక కర్ణుణ్ణే నిండు మనస్సుతో తలచుకొమ్మని కోరాడు. ఎదుట ఎవరు కూర్చున్నారు? అర్జునుడు. అంటే అరికేసరి. రాజు ఎదుట నిలబడి, రాజు చంపినవాణ్ణి తలచుకొమ్మని చెప్పడానికి ఎంత గుండె కావాలి!

ఆ ఒక్కచోటే కాదు. కావ్యం చివర పంపడు ఎవరు దేనిలో గొప్పవారో వరుసగా చెప్పాడు. ఎనిమిది మంది పేర్లున్నాయి. మొదటి పేరు దుర్యోధనునిది, పట్టిన పట్టు విడవనందుకు. రెండవది కర్ణునిది, సత్యానికి. తరువాత భీముడు, శల్యుడు, భీష్ముడు, ద్రోణుడు. అర్జునుని వంతు ఏడవది. చివరి పేరు ధర్మరాజుది. శ్రీకృష్ణుడు ఆ వరుసలో లేనే లేడు, ఆయన జైన కవి గదా. పుస్తకం పొడుగునా నాయకుడై, పట్టాభిషేకం కూడా చేయించుకున్న వానికి లెక్క తేల్చే చోట ఏడవ స్థానం దక్కింది. పట్టాభిషేకం రాజు కోసం రాశాడు, ఈ వరుస తన కోసం రాసుకున్నాడని నా నమ్మకం.

అరికేసరికి ఇది అర్థమైందా లేదా? ధర్మవురం ఇచ్చాడు గనుక కోపం రాలేదనే అనుకోవాలి. శరణాగతుని కోసం చక్రవర్తిని ఎదిరించిన మనిషికి ఓడినవాణ్ణి గౌరవించే కవి నచ్చి ఉండవచ్చు. పైగా నిన్ను అర్జునుడని పిలిచాను అంటే ఇకమీదట అర్జునుడిలా నడుచుకొమ్మని కూడా అర్థమే. మన పెళ్ళిళ్ళలో కొత్త అల్లుణ్ణి పట్టుకొని బంగారమంటారు చూడండి, అందులో పొగడ్త ఎంతో హెచ్చరిక అంతే.

సుమారు వంద సంవత్సరాల తరువాత రాజమహేంద్రవరంలో నన్నయ గారి ముందుకు అదే పని వచ్చింది. రాజరాజ నరేంద్రుడు 1022 నుండి 1061 వరకు పాలించిన తూర్పు చాళుక్యుడు. పాండవులు మా వంశకర్తలు, వారి కథ వినాలని ఉన్నదని అడిగాడు. నన్నయ గారు రాజును ఆశ్వాసానికొకసారి సంబోధించారు, మెచ్చుకున్నారు, కాని రాజును కథలోకి రానివ్వలేదు. ద్రౌపదికి అయిదుగురు భర్తలు అయిదుగురిలాగే ఉన్నారు. తెలుగువారికి ఇది అదృష్టమే. అలాగని నన్నయ గారు నీతిమంతులు, పంపడు కాదని తీర్పు చెప్పడానికి నేను సిద్ధంగా లేను. నన్నయ గారు రాజును గడప బయట నిలబెట్టారు. పంపడు లోపలికి పిలిచి కూర్చోబెట్టి, ఆ తరువాత కర్ణుణ్ణి చూపించాడు.

పంపడు ఊళ్ళను ప్రేమించినవాడు కూడా. అర్జునుని తీర్థయాత్ర సాకుగా వనవాసి దేశానికి వెళ్ళి, అక్కడి మల్లెలను, పాటలను, మనుషులను ఎంత మమకారంతో వర్ణించాడంటే కథ కాసేపు దారి మరచిపోతుంది. పరదేశంలో కొలువు చేసుకునేవారికి ఆ భాగం చదివితే కళ్ళు చెమర్చుతాయి. బొంబాయికీ దుబాయికీ బతకపోయిన మన జగిత్యాల, సిరిసిల్ల పిల్లలకు ఎవరైనా అనువదించి వినిపిస్తే బాగుండును.

ఆయన వెనుక ఈ నేల మీద కథకులు ఆగిపోలేదు. అరికేసరి కొడుకు కాలంలో 959లో సోమదేవసూరి అనే జైన ముని గంగాధరలో ఉండి యశస్తిలకమనే సంస్కృత గ్రంథం పూర్తి చేశాడు. ఇవాళ బస్సు ఆగి వెళ్ళిపోయే ఆ గంగాధరే ఇది.

ఇక ఆ గుట్ట సంగతి. పంపని ఆదిపురాణంలో భరత చక్రవర్తి కథ ఉన్నది. దిక్కులన్నీ జయించిన తరువాత ఆయన తన పేరు చెక్కించడానికి వృషభాచలమనే కొండ దగ్గరకు వచ్చాడు. తనకు ముందు ఇంత గెలిచినవాడు లేడని ఆయన నమ్మకం. తీరా చూస్తే కొండంతా పాత రాజుల పేర్లే, ఒక్క పేరు పట్టే జాగా కూడా లేదు. గర్వం నీరుగారిపోయింది. అయినా పేరు మీది ఆశ చావలేదు. ఎవరిదో ఒక పేరు చెరిపించి ఆ చోట తన పేరు రాయించుకున్నాడు. పాత జైన పురాణంలో ఉన్న కథే ఇది. రాజుల బిరుదులు రాసి పొట్ట పోసుకునే కవి చేతిలో దాని పదును వేరు.

కురిక్యాల గుట్టకు శాసనం పెట్టిన పేరు వృషభగిరి. పంపని తమ్ముడు జినవల్లభుడు ఆ గుట్ట మీద తమ కులదైవాలుగా మొదటి, చివరి తీర్థంకరుల బొమ్మలు, చక్రేశ్వరి బొమ్మ చెక్కించాడు. త్రిభువన తిలకమనే బసది కట్టించాడు, మదన విలాసమనే తోట వేయించాడు, ఒక చెరువు తవ్వించాడు. ఆ చెరువుకు కవితాగుణార్ణవమని పేరు పెట్టాడు. అది అన్న గారి బిరుదు. శాసనంలో రాజు ప్రస్తావన ఉన్నది, ఆయన అన్నకు ధర్మవురం ఇచ్చిన సంగతి ఉన్నది.

ఆ ధర్మవురం గోదావరి ఒడ్డున ఉన్న మన ధర్మపురే అని చాలామంది సంతోషంగా చెప్పుకుంటారు. శాసనం చూస్తే వృషభగిరి సబ్బినాటి నట్టనడుమ ఉన్న ధర్మవురానికి ఉత్తరాన ఉన్నదని చెబుతున్నది. ధర్మపురి ఏమో కురిక్యాలకు ఉత్తరాన జగిత్యాల దాటాక వస్తుంది. దిక్కు కుదరడం లేదు. పెద్ద క్షేత్రానికి పెద్ద కవిని ముడిపెట్టాలని మనకూ ఉంటుంది, అరికేసరికి అర్జునుని ముడిపెట్టినట్టు. రాయి మాత్రం దిక్కు మార్చుకోదు.

మన జిల్లాలో గుట్టలు ఒక్కొక్కటే గ్రానైటు పలకలై లారీలెక్కి ఓడరేవులకు పోతున్న సంగతి మీరు చూస్తున్నదే. కురిక్యాల గుట్ట మీద జినవల్లభుడు ఇంటి సంగతులన్నీ దాచకుండా చెక్కించాడు. వంగిపర్రు, శ్రీవత్స గోత్రం, ముత్తాత అభిమానచంద్రుడు, తండ్రి భీమపయ్య, అణ్ణిగేరి జోయిస సింగుడు, ఆయన మనుమరాలు. పంపని కన్నతల్లి పేరు అబ్బణబ్బె అని లోకానికి తెలిసింది ఆ రాతి వల్లనే.